మంథని నుంచి మోటుపల్లికి

నది వెనక్కి నడవడం ఆ సైనికులు అంతకు ముందెన్నడూ చూసి ఉండరు.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయల మధ్య, సముద్రం అంచున, పచ్చగా పరచుకున్న లంక దివి. ఇవతలి ఒడ్డున కాకతీయ సైన్యం దిగి ఉంది. ఏనుగులు, గుర్రాలు, విల్లమ్ములు, బల్లేలు, వంటపాత్రలు మోసే ఎడ్లు. ఓరుగల్లు దాటి, బెజవాడ దాటి, ధరణికోట దాటి వచ్చిన దండు అది. అందులో సబ్బినాటి వాళ్ళు కూడా ఉన్నారనుకుందాం. ఇప్పటి కరీంనగర్ ప్రాంతానికి ఆనాటి పేరు సబ్బినాడు. ఓరుగల్లు రాజు ఏ దిక్కుకు దండెత్తినా సబ్బినాడు నుంచి మనుషులు కదలకుండా ఎలా ఉంటారు?

ఒకడు గట్టు దిగి దోసిలితో నీళ్ళు తీసుకొని నోట్లో పోసుకున్నాడు. వెంటనే ఉమ్మేశాడు.

"ఇదేందన్నా, గోదారి నీళ్ళు గిట్ల ఉండయి గద. ఉప్పుగున్నయి. మల్ల ఎనుకకు పోతున్నయి సూడు."

"పోటు వచ్చింది తమ్ముడూ" అన్నాడు పక్కన దోనె కట్టేస్తున్న లంక మనిషి. "ఆటు వచ్చేదాకా నీ రాజు చెప్పినా ఈ దోనె కదలదు."

ఈ మాటలు ఏ శాసనంలోనూ లేవు. ఆ ఇద్దరి పేర్లూ లేవు. శాసనాల్లో సామంతుల పేర్లున్నాయి, సేనానుల బిరుదులున్నాయి, దానమిచ్చిన భూముల ఎల్లలున్నాయి. ఉప్పునీళ్ళు ఉమ్మేసిన సైనికుడిని మనమే నిలబెట్టుకోవాలి. మిగిలిన కథకు మాత్రం రాళ్ళే సాక్ష్యం.

అక్కడికి వాళ్ళను నడిపించిన రాజుకు సింహాసనం ఎక్కి రెండు మూడేళ్ళకు మించి కాలేదు. దానికి ముందు అతడు శత్రువు చెరలో ఉన్నాడు. పేరు గణపతిదేవుడు.

అసలు కథ కొంచెం వెనక నుంచి మొదలవుతుంది. అనుమకొండలో చాళుక్యుల కింద సామంతులుగా బతికిన కాకతీయులు తమ కాళ్ళ మీద తాము నిలబడటానికి మొదట గెలవాల్సి వచ్చింది మన ఉత్తర తెలంగాణ నేలనే. జగిత్యాల పక్కన పొలాస మేడరాజుది. కరీంనగర్ పక్కన నగునూరును దొమ్మరాజుకు చెందినదిగా చరిత్రకారులు చెబుతారు. గణపతిదేవుడి పెదతండ్రి రుద్రదేవుడు వీళ్ళిద్దరినీ ఓడించాడు. 1163లో వేయిస్తంభాల గుడిలో వేయించిన శాసనంలో ఆ గెలుపుల లెక్క చెప్పుకున్నాడు. అలా రాజ్యపు సరిహద్దు గోదావరిని తాకింది. ఏటి అవతల ఇప్పటి ఆదిలాబాద్ అడవులు. గంగాధర మంత్రి పేరు మోసే కరీంనగర్ శాసనం కూడా ఆ తర్వాతి కాలానిదే.

ఎదిగే రాజ్యం పొరుగువాడి కంట్లో పడకుండా ఉండదు. పడమటన దేవగిరి యాదవులున్నారు. వాళ్ళతో జరిగిన పోరులో రుద్రదేవుడు 1195లో చనిపోయాడు. అన్న తర్వాత రాజ్యం చేపట్టిన మహాదేవుడు మూడేళ్ళకే అదే యాదవుల మీదికి పోయి యుద్ధంలో కూలాడు. కొడుకు గణపతి వాళ్ళ చేతికి చిక్కాడు.

ఓరుగల్లులో గద్దె ఖాళీ. సామంతుల్లో ఎవరికి వారే రాజులమనుకునే రోజులవి. నాగతి అనేవాడు మీదికొచ్చాడు. అప్పుడు రాజ్యం చెదిరిపోకుండా పట్టి నిలిపినవాడు రేచర్ల రుద్రుడు. ఆయన 1213లో పాలంపేటలో కట్టించిన గుడిని ఇప్పుడు మనం రామప్ప అంటున్నాం. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. చూడటానికి వెళ్ళేవాళ్ళు తేలే ఇటుకల గురించి, మదనికల గురించి అడుగుతారు. అక్కడి శాసనంలో మాత్రం ఒక సేనాని తన రాజు లేని రోజుల్లో రాజ్యాన్ని ఎలా కాపాడాడో ఉంది. నా లెక్కలో ఆ గుడిలో అన్నిటికన్నా విలువైనది ఆ శాసనమే. రాజు చెరలో ఉన్నప్పుడు సేనానే గద్దెనెక్కిన కథలు లోకంలో కోకొల్లలు. రుద్రుడు ఆ పని చేయలేదు. చేసి ఉంటే ఈ కథే లేదు.

దేవగిరి రాజు జైతుగి చివరికి గణపతిని విడిచిపెట్టి పంపించాడు. దయతోనా, లెక్కతోనా? తూర్పున నాయకుడు లేని రాజ్యం ఉంటే దాని మీద ఇంకెవరో వాలతారు. తెలిసిన కుర్రవాడు గద్దె మీద ఉండటమే దేవగిరికి మేలు. చరిత్రకారుల్లో చాలామంది లెక్కనే చూస్తారు. నాకూ అదే నిజమనిపిస్తుంది.

విడుదలైన గణపతి రాజుగా మొదట మనకు కనిపించేది మన మంథనిలోనే. గోదావరి ఒడ్డున, వేదం చదివిన ఇళ్ళకు పేరుపడ్డ ఊరు అది. పాత కరీంనగర్ జిల్లా, ఇప్పటి పెద్దపల్లి జిల్లా. అక్కడి శాసనం తేదీ 1199 డిసెంబరు 26. అందులో అతనికి పెట్టిన బిరుదు సకలదేశ ప్రతిష్ఠాపనాచార్య. దేశాలన్నిటినీ నిలబెట్టేవాడని అర్థం. నిన్నమొన్నటిదాకా చెరలో ఉన్నవాడికి, సొంత గద్దె ఇంకా గట్టిపడనివాడికి ఇంత పెద్ద మాట! పొగడ్త అని కొట్టిపారేయొచ్చు. తర్వాత అరవై ఏళ్ళు అతను చేసిన రాజ్యం చూస్తే ఆ ఊరివాళ్ళకు ముందే ఏదో తెలిసినట్టుంది.

పడమటికి పోయే దారి మూసుకుపోయింది. దేవగిరితో మళ్ళీ తలపడే ఉద్దేశం గణపతికి లేదు. ఉత్తరాన అడవి. ఇక మిగిలింది తూర్పు. అక్కడ తీరాంధ్రలో వెలనాటి చోడుల బలం అప్పటికే కరుగుతోంది. పల్నాటి యుద్ధం ఆ ప్రాంతపు వీరకుటుంబాలను ఊడ్చేసి ఎన్నో ఏళ్ళు కాలేదు. వెలనాటి పృథ్వీశ్వరుడి మాట వినే సామంతులు తగ్గిపోతున్నారు. ఆ తీరంలోనే రేవులున్నాయి. రేవుల్లో ఓడలున్నాయి. ఓడల్లో గుర్రాలున్నాయి. దక్కన్ రాజులకు అరబ్బు, పారశీక గుర్రాలంటే ప్రాణం. ఎక్కడో కడలి అవతల పుట్టిన గుర్రం మీదే ఇక్కడి యుద్ధం తేలేది. రేవు లేని రాజు గుర్రం కోసం రేవున్న రాజు దగ్గర చేయి చాచాలి.

1201లో గణపతి బెజవాడలో ఉన్నాడు. ఓరుగల్లు నుంచి బెజవాడకు ఇప్పటి రైలు మార్గంలో రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ ప్రాంతపు సామంతులు ఒక్కొక్కరే వచ్చి తల వంచారు. ధరణికోటలో కోట వంశంవాళ్ళు లొంగారు. అక్కడి నుంచి దండు కృష్ణ వెంట కిందికి, దివి వైపు దిగింది.

దివిని ఏలేది అయ్య వంశపు పినచోడి. అతనికి చుట్టూ నీళ్ళే కోటగోడ. మెట్టనేల మీద ఎదురులేని ఏనుగుల బలం కూడా బురద రేవులో కూరుకుపోతుంది. దోనెలు కావాలి, తెప్పలు కావాలి, పోటూ ఆటూ తెలిసిన మనుషులు కావాలి. నీళ్ళలో యుద్ధం కాకతీయులకు కొత్త. ఆ రేవు ఎలా దాటారో, ఎన్ని తెప్పలు మునిగాయో, మొదట ఒడ్డెక్కిన వాళ్ళలో ఎందరు మిగిలారో రాళ్ళు చెప్పవు. దాటారని మాత్రం చెబుతాయి. దండు నడిపిన మల్యాల చౌండ సేనాని వరంగల్లు పక్కన కొండపర్తిలో వేయించిన 1203 నాటి శాసనంలో తన బిరుదు చెక్కించుకున్నాడు. దివిచూరకార. దివిని చూరగొన్నవాడు, కొల్లగొట్టినవాడు. అక్కడ దొరికిన రత్నాలను తెచ్చి రాజు భాండాగారానికి చేర్చానని కూడా చెప్పుకున్నాడు.

1201లో బెజవాడ, 1203లో బిరుదు. అంటే రెండేళ్ళు తిరిగేలోగానే అంతా అయిపోయింది. చౌండ గర్వం అర్థం చేసుకోదగ్గదే. కాని ఆ బిరుదు చదివిన ప్రతిసారీ నాకు ఒడ్డుకు అవతల ఉన్నవాళ్ళే గుర్తొస్తారు. కొల్ల అంటే ఎవరిదో ఇల్లు. ఎవరిదో గాదె. ఎవరో ఆడమనిషి మెడలోది. శాసనంలో అది ఒక్క ముక్కలో తేలిపోయింది.

కథ అక్కడితో ఆగిపోయి ఉంటే గణపతిదేవుడు మరో దండయాత్ర చేసిన రాజుగా మాత్రమే మిగిలేవాడు. ఆ తర్వాత అతను చేసినదే అతన్ని వేరే వరుసలో నిలబెట్టింది. పినచోడిని చంపలేదు, తరమలేదు. దివిని అతనికే తిరిగి అప్పగించాడు. అతని కూతుళ్ళు నారమ్మ, పేరమ్మలను పెళ్ళి చేసుకున్నాడు. ఆ అక్కాచెల్లెళ్ళను ఎవరైనా వాళ్ళ ఇష్టం అడిగారా అన్నది శాసనకర్తలకు పట్టిన విషయం కాదు. రాజకీయం అంతా వాళ్ళ మెడలో పడ్డ తాళి మీదుగానే నడిచింది. వాళ్ళ తమ్ముడు జాయపను మాత్రం గణపతి తన వెంట తీసుకువచ్చాడు. చిన్నవాడు, చురుకైనవాడు. గుండామాత్యుడి దగ్గర నాట్యశాస్త్రం నేర్పించాడు. పెద్దయ్యాక గజసాహిణిని చేశాడు, అంటే ఏనుగుల దళానికి అధిపతి. 1213లో తామ్రపురి, ఇప్పటి చేబ్రోలు, అతని చేతిలో పెట్టాడు.

ఓడిన రాజు కొడుకు గెలిచిన రాజు దగ్గర ఏం చేశాడు? 1231లో తను పుట్టిన దివిలోనే గుడి కట్టించి ఆ దేవుడికి గణపేశ్వరుడని పేరు పెట్టాడు. ఆ ఊరు ఇప్పటికీ గణపేశ్వరమే. ఆ తర్వాత, 1253-54 ప్రాంతంలో, సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. ఆ శాస్త్రం చూసే రామప్ప నాట్యభంగిమలు చెక్కారని గైడ్లు చెబుతుంటారు. తేదీలు ఒప్పుకోవు. గుడి గ్రంథం కన్నా నలభై ఏళ్ళు పెద్దది. ఆ శిల్పాలను, ఆ ఆటలను చూస్తూ పెరిగిన జాయప వాటిని శాస్త్రంగా రాసి ఉంటాడన్నదే నమ్మదగ్గ మాట. దివి యుద్ధం ఓరుగల్లుకు తెచ్చిన రత్నాలు ఎప్పుడో కరిగిపోయాయి. జాయప పుస్తకం ఉంది.

ఇలాంటి చిన్న యుద్ధం ఒకటి మన కాలానికి దగ్గరలో జరిగింది. 1898 ఏప్రిల్‌లో అమెరికా స్పెయిన్‌తో యుద్ధానికి దిగింది. ఆగస్టుకల్లా కాల్పులు ఆగాయి. డిసెంబరు 10న పారిస్‌లో సంతకాలయ్యేసరికి పోర్టోరికో, గువామ్ అమెరికా చేతికొచ్చాయి. ఫిలిప్పీన్స్ కోసం 2 కోట్ల డాలర్లు లెక్కగట్టి ఇచ్చారు. అప్పటిదాకా తన ఖండంలో తాను ఎదుగుతున్న దేశం నాలుగు నెలల్లో సముద్రాల అవతల భూములున్న సామ్రాజ్యమైంది. ఫిలిప్పీన్స్ ప్రజలను ఎవరూ ఏమీ అడగలేదు. 1899 ఫిబ్రవరిలో వాళ్ళకూ అమెరికా సైన్యానికీ పోరు మొదలైంది. ఆ పోరు స్పెయిన్‌తో జరిగినదానికన్నా ఎన్నో రెట్లు పొడుగ్గా, ఎన్నో రెట్లు నెత్తురుగా సాగింది. గెలవడానికి నాలుగు నెలలు చాలాయి. గెలిచినదాన్ని ఏం చేయాలన్న ప్రశ్న ఏళ్ళ తరబడి తెగలేదు.

కాకతీయులు కడలి దాటి ఏ దేశాన్నీ ఆక్రమించలేదు. వాళ్ళకు యుద్ధనౌకలు ఉన్నట్టు ఆధారమేదీ నాకు కనబడలేదు. కాని గోదావరి ఒడ్డు అడవుల దగ్గర మొదలైన వాళ్ళ ఏలుబడి కృష్ణ సంగమందాకా వచ్చింది. అక్కడి నుంచి కడలి మీద వచ్చేపోయే ఓడలన్నిటితో వాళ్ళకు లెక్క కుదరాలి. ఆ లెక్క ఎలా కుదిరిందో తెలియాలంటే నలభై ఏళ్ళు ముందుకు రావాలి. దివికి నైరుతిగా, ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లికి.

తూర్పు తీరం తుపానులు ఎలా ఉంటాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెన పదివేల మందిని మింగింది. పదమూడో శతాబ్దంలో అలాంటి రాత్రి ఒకటి ఊహించుకోండి. రేవుకు ఇంకా చేరని ఓడ. తెరచాప చిరిగింది. చుక్కాని విరిగింది. తెల్లారేసరికి ఓడ ఇసుకలో ఒరిగి ఉంది. ఎక్కడో పారశీక తీరం నుంచి తెచ్చిన గుర్రాల్లో సగం కొట్టుకుపోయాయి. మిగిలిన రెండో మూడో వణుకుతూ ఒడ్డున నిలబడ్డాయి. కర్పూరం తడిసింది, పట్టునూలు తడిసింది. బతికి బయటపడ్డ వర్తకుడు కూలబడి ఉన్నాడు. అతని భాష ఇక్కడ ఒక్కరికీ రాదు. ఆ సమయానికి రాజభటులు వస్తారు. కాపాడటానికి కాదు. ఓడ విరిగి మా ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోదంతా మా రాజుదే అని చెప్పడానికి.

అది దొంగతనం కాదు, ఆనాటి చట్టం. ఈ ఒక్క తీరంలోనే కాదు, యూరప్ తీరాల్లోనూ విరిగిన ఓడ సొమ్ము ఆ ఒడ్డు ప్రభువుదేనన్న ఆచారం ఉండేది. ప్రాణంతో బయటపడిన మనిషి అన్నీ పోగొట్టుకొని, తెలియని దేశంలో చేతులూపుకుంటూ నిలబడేవాడు.

1244-45లో గణపతిదేవుడు మోటుపల్లి వీరభద్రాలయం దగ్గర ఒక రాతి స్తంభం నాటించాడు. దాన్నే అభయ శాసనం అంటాం. అందులో మొదట పాత అన్యాయాన్ని దాచకుండా చెప్పాడు. వెనకటి రాజులు ఓడలు తుపానుకు చిక్కి విరిగి ఒడ్డుకు కొట్టుకొస్తే బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారని. తర్వాత తన మాట చెప్పాడు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకొని కడలి మీదికి దిగే సాహసులు వీళ్ళు. దయ తలచి, కీర్తి కోసం, ధర్మం కోసం, న్యాయమైన సుంకం తప్ప మిగిలిందంతా వాళ్ళకే వదిలేస్తున్నామని. ఆ సుంకం ఎంతో కూడా రాయి మీదే ఉంది. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పై పాళ్ళలో ఒక పాలు. మంచిగంధం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, దంతం, రాగి, తగరం, సీసం, పట్టునూలు, పగడం, మిరియాలు, వక్కలు. ఒక్కో సరుకు పేరుతో లెక్కలున్నాయి.

ఇది దయ మాత్రమే కాదని నాకూ తెలుసు. వర్తకుడు భయం లేకుండా వస్తే సుంకం పెరుగుతుంది, గుర్రాలు వస్తాయి, ఖజానా నిండుతుంది. గణపతికి ఆ లెక్క తెలియకపోతే అరవై ఏళ్ళు ఏలేవాడు కాదు. అయినా, లాభం వస్తుందని తెలిసి కూడా విరిగిన ఓడలను దోచుకుంటూనే ఉన్న రాజులు ఎందరో. దోపిడీలో లాభం ఈ రోజే చేతికొస్తుంది. అభయంలో లాభం రావాలంటే పదేళ్ళు ఆగాలి. ఆగగలిగినవాడే అసలు ఏలిక. కాకతీయుల పేరును సముద్రాల అవతలికి మోసింది చౌండ కొల్లగొట్టిన రత్నాలు కావు, మోటుపల్లిలో నాటిన రాయి. ఈ మాట నేను వాదించడానికి సిద్ధం.

ఫలితం చూడండి. ఈ శాసనం తర్వాత సుమారు అర్ధ శతాబ్దానికి వెనీసు వర్తకుడు మార్కోపోలో ఈ రాజ్యాన్ని వర్ణించాడు. రాజ్యం పేరే అతను రేవు పేరుతో రాశాడు: ముత్ఫిలి. మోటుపల్లి అని మనం పోల్చుకోవాలి. ఓరుగల్లు అతనికి తెలియదు, రేవు తెలుసు. వజ్రాల గురించి చెప్పాడు. సాలెగూడు దారంలా సన్నటి నేత గురించి, అది కట్టుకోవడానికి ఇష్టపడని రాజు గాని రాణి గాని లోకంలో ఉండరన్నంత గొప్పగా చెప్పాడు. న్యాయంగా ఏలే రాణి గురించి చెప్పాడు. ఆమెను చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు గాని, ఆమె గణపతి కూతురు రుద్రమదేవి. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ప్రకారం ఆమె 1289లో మరణించింది. అయినా ఆమె పాలన మాట ఓడరేవుల్లో ఇంకా నడుస్తూనే ఉంది.

కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్ళకు ఈ కడలి కథతో ఏం పని అని అడిగేవాళ్ళుంటారు. నిర్మల్ చుట్టుపక్కల ఖనిజం కరిగించి చేసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవారు. 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వాయిసీ అనే శాస్త్రజ్ఞుడు దిమ్మదుర్తి ఖనిజం గురించి, కోనసముద్రం కొలుముల గురించి కళ్ళారా చూసి రాశాడు. అది కాకతీయుల తర్వాత ఎన్నో వందల ఏళ్ళ సంగతి. అయినా కడలి అవతలి మనిషికి ఈ లోతట్టు ఊళ్ళు కొత్త కాదనడానికి అది చాలు. ఇక ఈ రోజు సంగతి చెప్పాలా? జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి ఎన్ని ఇళ్ళవాళ్ళు దుబాయిలో, మస్కట్‌లో, సౌదీలో ఉన్నారో లెక్కపెట్టండి. కంపెనీ మూతపడి, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఇరుక్కొని, చేతిలో పైసా లేక అక్కడి రోడ్డు మీద నిలబడ్డవాడు ఆ ఇసుకలో కూలబడ్డ వర్తకుడే. అతనికి అభయం ఎవరిస్తారన్న ప్రశ్న మన జిల్లాలకు పుస్తకాల్లోది కాదు.

మన బడుల్లో గణపతిదేవుడు ఒక పేరా, రెండు తేదీలుగా వెళ్ళిపోతాడు. టీచర్లకు ఒక మనవి. పిల్లలను ఒకసారి నగునూరు తీసుకెళ్ళండి, పొలాస చూపించండి, మంథనిలో రాజుగా అతను మొదట కనిపించిన నేల మీద నిలబెట్టండి. తర్వాత మోటుపల్లి శాసనం తెలుగులో చదివి వినిపించండి. విన్నాక వాళ్ళే ప్రశ్నలు అడుగుతారు.

1323లో ఓరుగల్లు కూలింది. అప్పటి రాజు ప్రతాపరుద్రుడు బందీగా పోయాడు. కాకతీయ వంశం ముగిసింది. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో, కడలి మీద వచ్చే వర్తకులకు అభయమిస్తూ మళ్ళీ ఒక శాసనం వేయించాడు.